రీల్స్ చూసే పిల్లకు ఫారం రాదా?

"రీల్స్ చూసే పిల్లలకు ఇదేం కష్టం సార్? వేలు పెట్టి నాలుగు చోట్ల నొక్కడమే కదా!"

ఈ మాట జనగామలో విన్నాను, మానుకోటలో (మహబూబాబాద్‌లో) విన్నాను, భూపాలపల్లిలో విన్నాను. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునే కోచ్‌ల నోట కూడా విన్నాను. తమ ఒంట్లో ఎలా ఉందో, ఏ మందు వాడారో, రేపు ఎక్కడ ఉంటారో క్రీడాకారులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నమోదు చేయాలన్న పద్ధతి వచ్చింది. ఆ నమోదు సరిగా జరగలేదని తెలిసినప్పుడల్లా ఈ వాక్యమే ముందుకొస్తుంది. దీని వెనక ఒక తీర్పు ఉంది. యాప్ బాగుంది, ఫోన్ ప్రతి ఇంట్లో ఉంది, సిగ్నల్ వచ్చింది. కాబట్టి ఫారం నిండలేదంటే తప్పు ఆ పిల్లదే. శ్రద్ధ లేదు, క్రమశిక్షణ లేదు, చదువు చాలలేదు. విరుగుడు కూడా తీర్పుతోపాటే సిద్ధంగా ఉంటుంది: ఒక అవగాహన సదస్సు పెట్టేద్దాం.

ఈ తీర్పు మొదటి నుంచి చివరి దాకా తప్పు. దీనివల్ల నష్టపోయేది ఎవరో కళ్లారా చూశాను గనుక ఊరుకోలేక రాస్తున్నాను.

మానుకోట దగ్గర ఒక మైదానంలో, ఇంకా పూర్తిగా తెల్లవారని వేళ, 400 మీటర్లు పరిగెత్తే ఒక అమ్మాయి పీఈటీ సార్ ఫోన్ అందుకుని ఆ రోజు ఆరోగ్య ఫారం నింపడం చూశాను. నిద్ర, అలసట, మనసు, ఒత్తిడి, కండరాలు: ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. ప్రశ్నలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. కింద యంత్రం చేసిన తెలుగు ఉంది. కండరాల నొప్పి గురించి అడగాల్సిన చోట 'పుండు' అన్న మాట పడింది. అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆగలేదు. అన్నిటికీ ఐదు కొట్టి ఫోన్ పక్క పిల్లకు ఇచ్చింది. ఐదంటే అంతా బాగున్నట్టు. వార్మప్‌లో ఆమె కుడి కాలు తేలిగ్గా వేయడం గమనించి దగ్గరికి వెళ్లి అడిగాను.

"పిక్క గుంజుతాంది సార్. నాలుగొద్దులాయె. పొద్దుగాల లేస్తే మడిమె కింద పెట్టనిస్తలేదు."

మరి ఐదెందుకు వేశావు?

"తక్కువేస్తే మీట్‌కు తీస్కపోరు గద సార్."

ఆ పిల్లకు ఫోన్ వాడటం రాదని ఎవరనగలరు? పది సెకన్లలో పని ముగించింది. ఫారాన్ని ఆమె నాకంటే బాగా చదివింది. అది తన మేలు కోసం అడగడం లేదని, సెలెక్షన్ కోసం అడుగుతోందని అర్థం చేసుకుంది, దానికి తగ్గట్టే జవాబిచ్చింది. ఆ రోజు రికార్డు ప్రకారం ఆమె సంపూర్ణ ఆరోగ్యవంతురాలు. ఎక్కడో ఒక పెద్ద తెర మీద ఆకుపచ్చ చుక్కగా కనబడి ఉంటుంది. వాడటానికి వీలుగా ఉండటం అంటే బటన్ పెద్దదిగా, రంగు అందంగా ఉండటమని అనుకునేవాళ్లు ఈ ఒక్క చుక్క దగ్గర ఆగి ఆలోచించాలి. నిజం చెబితే నష్టం వచ్చే ఫారం ఎంత సులువుగా ఉన్నా ఎందుకూ పనికిరాదు.

రీల్స్ పోలికనే తీసుకుందాం. రీల్ చూసేటప్పుడు వేలు తప్పు చోట పడితే ఇంకో రీల్ వస్తుంది, అంతే. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2005 నుంచి నడుపుతున్న ఆడమ్స్ అనే వ్యవస్థలో అలా కాదు. రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో, అంటే ఎప్పుడైనా పరీక్షించేందుకు ఎంచుకున్న వాళ్ల జాబితాలో, పేరు చేరిన క్రీడాకారిణి ప్రతి మూడు నెలలకు ఒకసారి రాబోయే రోజుల లెక్క అంతా ముందే ఇవ్వాలి. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ ప్రాక్టీసు, ఎప్పుడు పోటీ అన్నీ చెప్పాలి. దానికి తోడు ఉదయం 5 గంటలకూ రాత్రి 11 గంటలకూ నడుమ రోజూ ఒక 60 నిమిషాల సమయం, ఒక చోటు చెప్పి, ఆ గంట అక్కడే ఉండాలి. అధికారి వచ్చినప్పుడు లేకపోయినా, ఇచ్చిన వివరం తప్పయినా, చాలకపోయినా ఒక వైఫల్యం కింద రాస్తారు. 12 నెలల్లో అలాంటివి మూడు పడితే రెండేళ్ల నిషేధం. తప్పు ఎంతుందో చూసి ఏడాది వరకు తగ్గించవచ్చు. రక్తంలో, మూత్రంలో ఏ మందూ దొరకనవసరం లేదు. ఫారమే నేరానికి సాక్ష్యం అవుతుంది.

ఈ ఫారంలో తడబడేది పల్లెటూరి పిల్లలేనా? 2020 జూన్‌లో మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా ఐదుగురు క్రికెటర్లకు నోటీసులిచ్చింది. చతేశ్వర్ పుజారా, రవీంద్ర జడేజా, కె.ఎల్.రాహుల్, స్మృతి మంధానా, దీప్తి శర్మ. వాళ్ల వివరాలు ఆడమ్స్‌లో సమయానికి పడలేదు. బీసీసీఐ ఇచ్చిన వివరణ పాస్‌వర్డ్ సమస్య వచ్చిందని. ప్రపంచంలోకెల్లా డబ్బున్న క్రికెట్ బోర్డు అది. ఆటగాళ్ల తరఫున ఈ పని చూసేందుకు ఆఫీసు ఉంది, మనుషులున్నారు, ఇంగ్లిష్ ఉంది, రాజధాని నగరాల ఇంటర్నెట్ ఉంది. అంతటి బోర్డు పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే దాన్ని సాంకేతిక సమస్య అన్నాం. గూడూరు దగ్గరి తండా పిల్ల అదే పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే అజాగ్రత్త అంటాం. ఒకే తప్పుకు ఈ రెండు పేర్లు ఎందుకో ఆ తీర్పు చెప్పేవాళ్లు నాకు వివరించాలి.

చిరునామా సంగతి ఇంకా గట్టిది. 2019లో దోహాలో 400 మీటర్ల ప్రపంచ విజేత అయిన బహ్రెయిన్ రన్నర్ సల్వా ఈద్ నాసర్ కేసు చూడండి. పరీక్ష అధికారి ఆమె ఉండే భవనానికి వెళ్లి, తలుపుల నంబర్ల తికమకలో వేరే తలుపు కొట్టి, ఎవరూ లేరని తిరిగి వెళ్లాడు. మొదట విచారణ జరిపిన ట్రిబ్యునల్ ఆ తికమకను ఒప్పుకుని కేసు కొట్టేసింది. 2021లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని తిరగదోడి ఆమెకు రెండేళ్ల నిషేధం వేసింది. ఆమె టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయింది. ఆ తీర్పు సబబా కాదా అన్నది ఇక్కడ నా చర్చ కాదు. కాంక్రీటు భవనంలో, నంబర్లున్న తలుపుల మధ్య, నిపుణుడైన అధికారికే తోవ తప్పింది. మా వైపు తండాలో ఇల్లు చెప్పాలంటే ఫలానా నాయక్ ఇంటి వెనక, వాటర్ ట్యాంకు దాటాక, చింతచెట్టు పక్కన అంటారు. ఊరందరికీ తెలిసిన, ఎవరూ తప్పిపోని చిరునామా అది. ఫారంలో మాత్రం వీధి పేరు, ఇంటి నంబరు, పిన్ కోడ్ గడులున్నాయి. చింతచెట్టుకు గడి లేదు. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో పిల్లలు తల్లిదండ్రుల వెంట వేరే ఊళ్లకు పోయి పది రోజులు అక్కడే ఉండటం మా దగ్గర మామూలు. మూడు నెలల ముందు ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో వాళ్లకెలా తెలుస్తుంది? మార్పు వచ్చినప్పుడు ఫోన్‌లో దిద్దుకోవచ్చని నియమం చెబుతోంది, నిజమే. పలిమెల, మహాముత్తారం అడవి వైపు వెళ్లి చూడండి. దిద్దాలంటే ముందు సిగ్నల్ దొరికే చోటు వెదుక్కోవాలి.

"వీళ్లలో ఆ పూల్‌లో పడేవాళ్లెందరు? నూటికో కోటికో ఒక్కరు. దానికింత రాద్ధాంతమా?" అని అడిగేవాళ్లున్నారు. కల్లెడకు రండి. పర్వతగిరి మండలంలోని ఆ ఊరి నుంచి ప్రణీత వర్ధినేని విల్లు పట్టుకుని 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అదే ఊరి జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో 400 మీటర్లు పరిగెత్తి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం తెచ్చింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. ఒక్క ఊరి సంగతి ఇది. టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం. ఆ విభాగంలో పరిగెత్తే పిల్లలకు ఈ ఫారాలు ఎలా కనబడతాయో, వాటిని తయారు చేసినవాళ్లు ఒక్కసారైనా వాళ్ల పక్కన కూర్చుని చూశారా? మన దగ్గర ఊరి మైదానానికీ జాతీయ శిబిరానికీ మధ్య దూరం కొన్నిసార్లు రెండేళ్లే. ఆ రెండేళ్లలో ఒక పిల్ల నోట్‌బుక్ చదువు నుంచి అంతర్జాతీయ చట్టం కిందికి వచ్చేస్తుంది. ఇంకో విషయం చాలామంది కోచ్‌లకు కూడా తెలియదు. వాడా నియమావళిలో చిన్నవయసు వాళ్లకు 'రక్షిత వ్యక్తి' అని కొంత వెసులుబాటు ఉంది. కానీ 16 నిండిన అమ్మాయి టెస్టింగ్ పూల్‌లోకి చేరిందంటే, వయసు వల్ల వచ్చే ఆ వెసులుబాటు ఆమెకు ఉండదు. ఇంటర్ మొదటి ఏడాది చదివే పిల్లను ఒలింపిక్ విజేతతో సమానంగా చూస్తారు.

ఇక ఫోన్ అందరి దగ్గరా ఉందన్న మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లను అడిగింది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మగవాళ్లు నూటికి 57 మంది. ఆడవాళ్లు 26 మంది. ఆ తర్వాత పెరిగి ఉంటుంది, కాదనను. అయినా ఇంట్లో ఫోన్ ఉండటం, అది ఆ పిల్ల చేతిలో ఉండటం వేరు వేరు సంగతులు. ఫోన్ నాయనది. అన్న చేతిలో ఉంటుంది. రాత్రి చార్జింగ్ పెట్టాక దొరుకుతుంది. గురుకులాల్లో చదివే పిల్లలకు అసలు ఫోనే ఉండనివ్వరు, మంచికే. మా జిల్లాల్లో పరుగు, కబడ్డీ, ఖోఖో ఆడే అమ్మాయిల్లో ఎక్కువమంది ఉండేది ఆ గురుకులాల్లో, హాస్టళ్లలోనే. మరి వాళ్ల ఫారాలు ఎవరు నింపుతారు? పీఈటీ సార్. ముప్పై మంది పిల్లల పేర్లు, ముప్పై పాస్‌వర్డ్‌లు ఒక డైరీలో రాసుకుని, రాత్రి అన్నం తిన్నాక కూర్చుని అందరికీ తానే అంకెలు వేస్తాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఉదయం మైదానం, మధ్యాహ్నం క్లాసులు, సాయంత్రం మళ్లీ మైదానం, నడుమ అటెండెన్స్, ఫొటోలు, రిపోర్టులు ఆయన మెడ మీదే ఉన్నాయి. కానీ అలా నిండిన ఫారంలో ఉన్నది ఎవరి ఆరోగ్యం? రేపు ఏదైనా తేడా వస్తే చట్టం సార్‌ను అడగదు. వివరాలు వేరేవాళ్ల చేత నింపించుకోవచ్చు, బాధ్యత మాత్రం క్రీడాకారుడిదేనని నియమం స్పష్టంగా ఉంది. తాను ఎన్నడూ చూడని తెర మీద, తాను ఎన్నడూ కొట్టని పాస్‌వర్డ్‌తో పడిన తప్పుకు ఆ పిల్ల జవాబు చెప్పాలి.

నెలసరి గురించి కూడా ఈ ఫారాలు అడుగుతున్నాయి. అడగాలి. ఆడపిల్లల శిక్షణకు అది చాలా అవసరమైన సమాచారం, ఎముకల బలం దాకా దాంతో ముడిపడి ఉంది. కానీ పీఈటీ సార్ ఫోన్‌లో, వెనక పది మంది పిల్లలు వరసలో నిలబడి ఉండగా, పదిహేనేళ్ల అమ్మాయి ఆ గడిలో నిజం రాస్తుందని ఎవరు నమ్ముతున్నారు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. తాము దేనికి ఒప్పుకున్నారో తెలిసి సమ్మతించిన తల్లి నాకు ఈ మైదానాల్లో ఇంతవరకు కనబడలేదు.

మందుల దగ్గరికి వస్తే పరిస్థితి మరీ ప్రమాదకరం. పృథ్వీ షా కథ అందరికీ తెలుసు. 2019లో దగ్గు మందులో ఉన్న టెర్బుటలిన్ వల్ల ఎనిమిది నెలల నిషేధం పడింది. ఆ మందు మన మెడికల్ షాపుల్లో దొరికే చాలా దగ్గు సిరప్‌లలో ఉంది. 2022 జనవరి 1 నుంచి పోటీల సమయంలో స్టెరాయిడ్ సూదులను కూడా, ఏ చోట పొడిచినా, వాడా నిషేధించింది. మా ఊళ్లలో జ్వరం వచ్చినా, మోకాలు వాచినా, ఒళ్లు నొప్పులన్నా ముందుగా వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికే. సూది వేస్తాడు. మూడు రకాల గోలీలు కత్తెరతో కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. చిట్టీ ఉండదు. కత్తిరించిన ముక్క మీద మందు పేరులో సగం అక్షరాలు ఉంటే అదృష్టం. సాయంత్రానికి జ్వరం తగ్గుతుంది, పిల్ల లేచి కూర్చుంటుంది, ఇంట్లో అందరూ ఆ సూదికి దండం పెడతారు. తర్వాత డోప్ పరీక్ష రోజు ఫారం అడుగుతుంది: గత ఏడు రోజుల్లో వాడిన మందులు రాయండి. ఏం రాస్తుంది? తెల్ల గోలీ, పసుపు గోలీ, నడుముకు వేసిన సూది. నాడా 'నో యువర్ మెడిసిన్' అనే యాప్ తెచ్చింది. మందు ఫొటో తీసి, నోటితో పలికి వెదికే వీలు కూడా అందులో పెట్టారు. మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసిన ప్రయత్నం. కానీ వెదకడానికి ముందు పేరు కావాలి కదా. పేరు పోయింది ఆర్ఎంపీ కత్తెర దగ్గర. యాప్ తయారు చేసేవాళ్లు ఢిల్లీ నుంచి ఆ కత్తెర దాకా రావాలి. మండలంలోని ఆర్ఎంపీలనూ మెడికల్ షాపు వాళ్లనూ కూర్చోబెట్టి, ఆడే పిల్లలకు మందు ఇచ్చేటప్పుడు పేరున్న ముక్కే కత్తిరించి ఇవ్వండని ఒక్క మాట చెబితే, ఎన్నో సదస్సులు చేయలేని పని జరుగుతుంది.

ఇప్పుడు ఎదుటివాళ్ల వాదనలో బలమైన భాగానికి వస్తాను, దాన్ని దాటేయడం న్యాయం కాదు. మన దేశంలో డోపింగ్ చాలా ఉంది. వాడా లెక్కల్లో 2022లో భారత్ నుంచి పరీక్షించిన 3,865 నమూనాల్లో 125 పాజిటివ్ వచ్చాయి. 2023లో నమూనాలు 5,606కు పెరిగాయి, పాజిటివ్ శాతం 3.8కి చేరింది. పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో మనదే అన్నిటికంటే చెడ్డ స్థానం. ఇలాంటప్పుడు నియమాలు సడలిస్తే మోసగాళ్లకు తలుపు తీసినట్టే అంటారు. నియమాలు సడలించమని నేను అనలేదు. 60 నిమిషాల నియమం అలాగే ఉండనీ, మూడు వైఫల్యాల నియమం అలాగే ఉండనీ. మాయ చేసి తప్పించుకోవాలనుకునేవాడికి ఈ ఫారం ఇప్పటికే కష్టం కాదు. వాడికి తెలిసిన మేనేజర్ ఉంటాడు, లాయర్ ఉంటాడు, ఫారం ఎలా నింపాలో వాడికి బాగా తెలుసు. చిక్కుకునేది మోసం చేయని, చదవలేని పిల్ల. కఠినంగా ఉండాలంటే ముందు అర్థమయ్యేలా ఉండాలి. గేటు దగ్గర బోర్డు ఎవరికీ తెలియని భాషలో పెట్టి, లోపలికి వచ్చినవాళ్లను శిక్షిస్తే దొంగతనం తగ్గదు.

"పైకి వెళ్లాలంటే ఇంగ్లిష్ నేర్చుకోవాల్సిందే" అన్నది ఇంకో మాట. నేర్చుకుంటారు, నేర్చుకోవాలి కూడా. కానీ ఒక పిల్ల తన నొప్పిని చెప్పుకోవడానికి ఇంగ్లిష్ వచ్చేదాకా ఆగమనడం ఏం న్యాయం? కిరాణా కొట్టు ముందున్న డిజిటల్ చెల్లింపుల పెట్టె "ఇరవై రూపాయలు అందాయి" అని తెలుగులో పలుకుతుంది. డబ్బు అందిన సంగతి చదువురాని ముసలమ్మకు కూడా చెవికి తెలిసేలా చెప్పాలని ఆ కంపెనీలకు తట్టింది. ఆడమ్స్ ఎన్నో భాషల్లో ఉంది, తెలుగులో లేదు. ఎనిమిది కోట్ల మందికి మాతృభాష ఇది.

తెలుగులో పెట్టినా అందరికీ సరిపోదు, ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతు కంటే ఎక్కువ మంది గిరిజనులు. తండా పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. కొత్తగూడ, గంగారం వైపు కోయ ఇళ్లున్నాయి. వాళ్లకు తెలుగు బడి భాష. నొప్పి వచ్చినప్పుడు అమ్మతో చెప్పేది వేరే భాషలో. అందుకే రాత కంటే మాట ముఖ్యం అంటున్నాను. ఫోన్ అడగాలి, పిల్ల పలకాలి. ఆ సాంకేతికత ఇవాళ ఫోన్లలో ఉంది.

పలకనిస్తే ఏం వస్తుందో వినండి. మా పిల్లలు నొప్పిని ఒక్క మాటతో చెప్పరు. సలుపుతాంది అంటే లోపల వాపు, వేడి ఉండి ఉండి కొట్టుకుంటోందని. గుంజుతాంది అంటే కండరం లాగుతోందని. పోటు అంటే ఒక్క చోట పొడిచినట్టు. తీపులు అంటే నిన్నటి శ్రమ ఇవాళ ఒళ్లంతా పరుచుకోవడం, రెండు రోజుల్లో పోయేది. జివ్వుమంటే నరం. తిమ్మిరంటే ఇంకా జాగ్రత్త పడాలి. పట్టేసిందంటే కండరం బిగుసుకుని రానంటోందని. పిక్క వేరు, చీలమండ వేరు, మడమ వేరు, గజ్జ వేరు, తుంటి వేరు. ఈ మాటల్లో ఒక ఫిజియోథెరపిస్టుకు కావలసిన సగం సమాచారం ఉంది. దాన్నంతా తీసి పక్కన పెట్టి, ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేయమంటున్నాం. ఆ అంకె పక్కన 'పుండు' అని రాస్తున్నాం.

క్రీడాకారులను అడగడం వృథా అనుకుని ఇవన్నీ వదిలేయాలా? అసలు వద్దు. అడగడానికి విలువ ఎంతుందో చూపిన పరిశోధన ఉంది. నార్వేలోని ఓస్లో క్రీడా గాయాల పరిశోధన కేంద్రం 2013లో ఒక ప్రశ్నపత్రం ప్రచురించింది. స్కీయింగ్, ఫ్లోర్‌బాల్, హ్యాండ్‌బాల్, సైక్లింగ్, వాలీబాల్ ఆడే 313 మందిని 13 వారాలు, వారానికోసారి అడిగారు. ఆట మానేశాడా లేదా అని మాత్రమే చూసే పాత పద్ధతిలో 40 అతివాడకం గాయాలు దొరికితే, ఈ పద్ధతిలో 419 సమస్యలు బయటపడ్డాయి. ఆడుతూనే మోస్తున్న నొప్పులవి, మానుకోట పిల్ల పిక్క లాంటివి. ఆ ప్రశ్నపత్రంలో ఒక్కో శరీర భాగం గురించి అడిగినవి నాలుగే ప్రశ్నలు: పాల్గొనడంలో ఇబ్బంది, శిక్షణ తగ్గింపు, ఆటతీరు, నొప్పి. మా వైపు అడగాలంటే ఇలా అడగొచ్చు. ఈ వారం నొప్పితోనో పానం బాగలేకనో ప్రాక్టీస్‌కు రాలేదా? వచ్చినా, చేసేదాంట్ల ఏమన్న తగ్గించినవా? పరుగు ఎప్పటి లెక్కనే వస్తాందా? ఎక్కడ నొస్తాంది, ఎట్ల నొస్తాంది? చివరి ప్రశ్నకు జవాబు మాటలోనే తీసుకోవాలి. రోజూ అక్కర్లేదు, వారానికోసారి చాలు. నిత్యం అడిగితే ఎవరైనా ఐదులు కొట్టి పోతారు.

కానీ ఆ నార్వే ఆటగాళ్ల దగ్గర ఉన్నదీ మన పిల్లల దగ్గర లేనిదీ ఒకటుంది. చెప్పాక వినే మనిషి. ఇదే అన్నిటికంటే పెద్ద సంగతి, అవగాహన సదస్సుల్లో ఎవరూ ఎత్తని సంగతి. మానుకోట పిల్ల రెండు వేసి ఉంటే ఏం జరిగేది? ఎవరు ఫోన్ చేసేవారు? ఏ ఫిజియో వచ్చేవాడు? ఎవరూ లేరు. జరిగేది ఒక్కటే, మీట్ జాబితాలోంచి పేరు పోవడం. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలో, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఈ జిల్లాలు 2016లో పాత వరంగల్ నుంచి విడిపోయినప్పుడు లేని సౌకర్యం ఇది, ఇవాళ మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఉంది. ఆర్థోపెడిక్స్ విభాగం నుంచి వారానికి ఒక్క మధ్యాహ్నం ఒక డాక్టర్ జిల్లా మైదానానికి వచ్చి, ఆ వారం "నొస్తాంది" అన్న పిల్లలను చూస్తే చాలు. ఆ పిల్లల జవాబులు ముందు చూడాల్సింది ఆ డాక్టర్. కోచ్‌కు వెళ్లాల్సింది "ఈ వారం సగం పని ఇవ్వండి" అన్న సలహా మాత్రమే. అంకె సెలెక్టర్ల బల్ల మీదికి పోకూడదు. ఈ గీత గీయకుండా ఎన్ని యాప్‌లు తెచ్చినా పిల్లలు ఐదే వేస్తారు, వేయడం వాళ్ల తప్పు కూడా కాదు.

మనిషి మధ్యలో ఉంటే ఎలా ఉంటుందో మన పక్కనే చూశాం. 2022 మార్చిలో ములుగు, సిరిసిల్ల జిల్లాల్లో ప్రభుత్వం ప్రజల ఆరోగ్య ప్రొఫైల్ మొదలుపెట్టినప్పుడు సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, తామే అడిగి, తామే నమోదు చేశారు. అందులోనూ లోపాలుంటాయి, ఏఎన్ఎంల మీద పడే భారం గురించి వేరే వ్యాసమే రాయాలి. అయినా ముసలమ్మకు యాప్ ఇచ్చి "నింపుకో" అనలేదు. భూపాలపల్లికి ములుగు ఎంత దూరం? 2019 ఫిబ్రవరి దాకా అది ఈ జిల్లాలోనిదే. అక్కడ తల్లికి ఇచ్చిన గౌరవం ఇక్కడ ఆడే కూతురికి ఎందుకు ఇవ్వరు?

ఇక ఖర్చు. ఇంత చేయాలంటే ఎంతవుతుందోనని నిట్టూర్చేవాళ్లకు తేలికైన మాట చెబుతాను. ఒక తెర ఎక్కడ మనిషిని ఆపుతుందో తెలుసుకోవడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదని, ఐదుగురితో వాడించి చూస్తే ఎక్కువ తప్పులు బయటపడతాయని డెన్మార్క్‌కు చెందిన జాకబ్ నీల్సన్ పాతికేళ్ల కిందటే చెప్పాడు. ఐదుగురు చాలు. గార్ల వైపు తండా నుంచి ఒక రన్నర్, పాలకుర్తి నుంచి ఒక కబడ్డీ పిల్ల, భూపాలపల్లి సింగరేణి కాలనీ నుంచి ఒకరు, గంగారం హాస్టల్ నుంచి ఒక కోయ అమ్మాయి, టీ20 విభాగంలో పరిగెత్తే ఒక పిల్ల. ఆ ఫారం తయారు చేసిన ఇంజినీర్లు ఒక ఆదివారం హన్మకొండ స్టేడియానికి రావాలి. పిల్ల చేతికి ఫోన్ ఇచ్చి, పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, ఏమీ సర్దకుండా, బొటనవేలు ఎక్కడ ఆగుతుందో చూసి రాసుకోవాలి. ఆ కాగితం తీసుకుని సోమవారం ఆఫీసుకు వెళ్లాక, ఎవరికి అవగాహన సదస్సు పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.